కమ్మీకి తగిలించిన జాకెట్

పశువుల మీద అరవొద్దని ఒక అమెరికా ఆయన నాకు చెప్పడమేంటని ఆ రోజంతా రగిలిపోయాను. ఒంగోలు పక్క పల్లెలో గిత్తల మధ్య పెరిగినవాణ్ణి. ఇప్పుడు కొలరాడోలో, గ్రీలీ దగ్గర ఒక ఫీడ్‌లాట్‌లో, అంటే కబేళాకు పంపే ముందు పశువుల్ని మేపి బలిపించే చోట, పని. టీకాలకని కోడెల్ని ఇరుకు దారిలోకి తోలుతుంటే ముందున్నది మొరాయించింది. అదిలించాను, కేకలేశాను, తోక మెలిపెట్టాను. ఫోర్‌మన్ వచ్చి అందరి ముందూ "నువ్వు అరవకు, పక్కకి రా" అన్నాడు.

కోడె జోలికి మాత్రం ఆయన పోలేదు. ముందు ఖాళీగా ఉన్న దారిలోకి దిగి, పశువు తల ఎత్తుకి వంగి, అటూ ఇటూ చూశాడు. కమ్మీకి వేలాడుతున్న పసుపు జాకెట్ తీసి నా చేతికిచ్చాడు. నాదే. గాలికి దాని చెయ్యి ఊగుతోంది. అది పోయాక కోడె నేల వాసన చూసి తనంతట తనే నడిచింది, మిగతావి దాని వెంటే.

ఇలా పశువు కంటితో చూడడం 1970ల్లో అరిజోనాలో టెంపుల్ గ్రాండిన్ గారు మొదలుపెట్టిన పని. ఆటిజం ఉన్న మనిషి, ఇక్కడి కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. వేలాడే గొలుసు, నీటి మెరుపు, నేల మీద నీడ, మనకి ఆనని ఇలాంటివాటికే పశువు ఆగిపోతుంది. అందుకే మా దారికి పక్కలు మూసి ఉంటాయి, వంపు తిరిగి ఉంటుంది, వచ్చిన వైపుకే మళ్లుతున్నట్టు అనిపించి అవి నెమ్మదిగా నడుస్తాయి. మనం భుజానికి కాస్త వెనక నిలబడితే ముందుకు కదులుతాయి, ముందు నిలబడితే వెనక్కి. అరవాల్సిన పనే లేదు.

నాలుగైదు నెలల్లో కబేళాకు పోయే పశువుకి ఇంత మర్యాద ఎందుకని మొదట్లో నాకు మనసొప్పలేదు. మా నాన్న ములుగర్ర ముట్టగా నేను చూడలేదు, పేరు పెట్టి పిలిస్తే చాలు, ఎద్దులు కాడి కిందికి మెడ వంచేవి. ఇక్కడ వేల పశువులు, పేర్లు లేవు, చెవికి నంబరు. నాన్న గొంతు చేసే పని ఇక్కడ ఈ వంపు దారి చేయాల్సొస్తోంది. కానీ మా ఊరి పశువుల ఆసుపత్రిలో అవే ఎద్దులు బెదిరితే నలుగురం మీదపడి అరిచేవాళ్లం, నాన్నతో సహా. అవి దేన్ని చూసి బెదురుతున్నాయో ఒక్కరం కూడా వంగి చూడలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

మొన్న తమ్ముడికి ఫోన్ చేసి, ఆసుపత్రిలో పశువుని నిలబెట్టే చోట ఎదురుగా ఏముందిరా అని అడిగాను. "రేకు, అన్నా. ఎండకి మెరుస్తుంటది" అన్నాడు. గోనెపట్టా కప్పి చూడమన్నాను. మళ్లీ టీకాలు వేసే రోజు చూసి చెప్తానన్నాడు.