బ్రిస్బేన్‌లో తిన్న పండుగప్ప

హైదరాబాద్‌లో కాస్త ఖరీదైన రెస్టారెంట్‌కి వెళ్తే మెనూలో సాల్మన్, అవకాడో, ట్రఫుల్ ఆయిల్ ఉంటాయి గానీ చింతచిగురు ఉండదు. ఇది నన్ను ఎప్పటినుంచో బాధపెడుతున్న విషయమే, బ్రిస్బేన్‌లో అక్కావాళ్లింటికి వెళ్లొచ్చాక ఇంకా ఎక్కువైంది.

అక్కడి వంటని మోడర్న్ ఆస్ట్రేలియన్ అంటారు. వండే పద్ధతి ఇటలీదో, జపాన్‌దో, వియత్నాందో కావచ్చు (వియత్నాం యుద్ధం తర్వాత శరణార్థులుగా వచ్చినవాళ్లు చాలామంది ఆ ఊళ్లోనే ఇనాలా అనే పేటలో స్థిరపడ్డారు), సరుకు మాత్రం చాలావరకు అక్కడి నేలదీ సముద్రానిదీ. మోర్టన్ బే బగ్ అని చదునుగా, పెద్ద తలతో రొయ్యల జాతి జీవి ఒకటి ఉంటుంది, దాన్ని నిలువునా చీల్చి వెన్న రాసి నిప్పుల మీద కాలుస్తారు. ఇక ఫింగర్ లైమ్! వేలంత కాయ, కోసి నొక్కితే చేపగుడ్లలాంటి రసం బుడగలు బయటికొస్తాయి, పంటి కింద ఒక్కొక్కటీ చిట్లి పుల్లగా నోరంతా నిండిపోతుంది. దాని పుట్టిల్లు ఆ చుట్టుపక్కల అడవులే. మకడమియా (బాదంలాంటి పప్పు కాసే చెట్టు) కూడా అక్కడిదే, కానీ మొదట పెద్దఎత్తున తోటలు వేసి అమ్ముకుంది హవాయి వాళ్లు. ఆదివాసీలు వేల ఏళ్లుగా తింటున్న వీటిని ఖరీదైన హోటళ్లు పట్టించుకోవడానికి చాలా కాలం పట్టింది. మనమూ ఇప్పుడు అదే ఆలస్యం చేస్తున్నాం కదా అనిపించింది.

స్టోరీ బ్రిడ్జి కింద నది ఒడ్డున వరసగా రెస్టారెంట్లున్నాయి. అక్కడ బారాముండి తిన్నాను. తోలు కరకరలాడుతోంది, లోపల మాంసం తెల్లగా పొరలు పొరలుగా విడిపోతోంది, పక్కన నిమ్మవాసన వేసే లెమన్ మిర్టిల్ ఆకు కలిపిన వెన్న. బావ చెప్పేదాకా తెలీలేదు, అది మన పండుగప్పేనట! మనవాళ్లు పులుసు పెట్టే చేపే, అక్కడ రెస్టారెంట్లలో దానికంత గౌరవం.

మీరూ చేసి చూడండి. రాంనగర్ చేపల మార్కెట్‌లో పండుగప్ప దొరికినప్పుడు పొలుసు తీయించి, తోలు మాత్రం ఉంచి, ముళ్లు లేకుండా పక్కలు కోయించుకోండి. తడి పూర్తిగా తుడవాలి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఉప్పు రాసి, బాగా కాగిన నూనెలో తోలు కిందికి పెట్టి, ముడుచుకోకుండా అట్లకాడతో కాసేపు నొక్కి పట్టండి. ముప్పాతిక వంతు ఆ వైపే ఉడకనిచ్చి తర్వాత తిప్పితే చాలు. దించాక, దంచిన చింతచిగురూ పచ్చిమిర్చీ కలిపిన వెన్న పైన వేయండి.