వేట నిషేధంలో బోటు ఇంజిన్‌ని పడుకోబెట్టడం

వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఆడిస్తే ఇంజిన్ బాగుంటుందని చెన్నై కాశిమేడు చేపలరేవులో చాలామందికి నమ్మకం. బాగుండదు. ఆ పది నిమిషాల్లో కూలెంట్ కాస్త వేడెక్కుతుంది గానీ చాంబర్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ వేడెక్కదు. డీజిల్ మండినప్పుడు పుట్టే ఆవిరి కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి దిగి, చల్లటి ఆయిల్‌లో నీరై కూర్చుంటుంది. ఎనిమిది వారాలు అలా ఆడిస్తే ఎనిమిదిసార్లు నీళ్లు పోసినట్టే. ఆడించడమంటూ ఉంటే పూర్తి వేడికి రావాలి, లోడ్ పడాలి. కట్టేసిన బోటులో అది కుదరదు. సరిగ్గా సర్దిపెట్టి ముట్టుకోకుండా వదిలేయడమే మేలు.

తూర్పు తీరంలో మర బోట్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఇక్కడి మాటలో తడైకాలం. చలిదేశాల్లో మంచుకాలం ముందు చేసే పని కూడా ఇలాంటిదే, భయం మాత్రం వేరు. నీరు గడ్డకడితే పరిమాణం సుమారు 9 శాతం పెరిగి బ్లాక్ పగులుతుంది. అందుకే వాళ్లు సముద్రపు నీరు తిరిగే దారిలోకి ప్రొపిలీన్ గ్లైకాల్ ఎక్కిస్తారు. చెన్నైలో కత్తిరి ఎండల్లో గడ్డకట్టేది ఏమీ లేదు. లోపల మిగిలిన ఉప్పునీరు, రాత్రిపూట ఇనుము మీద పట్టే తేమ, ఈ రెండే ఇక్కడ శత్రువులు. ఆ గ్లైకాల్ బదులు మంచినీళ్లు పెట్టుకుంటే మిగతా పనులన్నీ దాదాపు అవే.

పని మొదలయ్యేది చివరి వేటకి ముందే. డీజిల్ ట్యాంకు అడుగున చేరే నీటికీ డీజిల్‌కీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఫిల్టర్‌లో నల్లటి జిగురు కనిపిస్తే అవి చేరినట్టే. వాటిని చంపే మందు బయోసైడ్‌ని డబ్బా మీది కొలత ప్రకారం చివరి ట్రిప్పుకే కలిపితే మందు పంపు దాకా, ఇంజెక్టర్ల దాకా వెళ్తుంది. తిరిగొచ్చాక కలిపితే ట్యాంకులోనే ఉండిపోతుంది. వచ్చిన రోజే డీజిల్‌లోంచి నీటిని వేరుచేసే సెపరేటర్ అడుగు మర విప్పి నీళ్లు వదిలేసి, ట్యాంకు 95 శాతం నింపాలి. ఖాళీ చోటు తగ్గితే తేమ పట్టడం తగ్గుతుంది. మూతిదాకా మాత్రం నింపొద్దు, ఎండకి డీజిల్ వ్యాకోచించి బయటికి పొర్లుతుంది.

ఇంజిన్ వేడి మీదుండగానే ఆయిల్ తీసేయాలి. చాంబర్ కింద చెయ్యి పట్టదు కాబట్టి డిప్‌స్టిక్ గొట్టంలోంచి చేతిపంపుతో లాగేయడమే. పాత ఆయిల్‌లో మసి, ఆమ్లాలు, నీరు ఉంటాయి. రెండు నెలలు కదలకుండా ఉంటే అవి బేరింగులని తినేస్తాయి. నిషేధం అయ్యాక ఎలాగూ మారుస్తాం కదా అనడం అందుకే తప్పు లెక్క. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ ఇప్పుడే పడాలి. గేర్‌బాక్స్ ఆయిల్ కూడా చూడండి. పాలు కలిసిన టీలా ఉంటే కూలర్‌లో చిల్లి పడి నీళ్లు చేరుతున్నట్టు.

అప్పుడు మంచినీళ్ల వంతు. కీల్ కూలర్, అంటే బోటు అడుగున బయటుండే పైపుల్లోనే కూలెంట్ చల్లారే ఏర్పాటు, ఉన్న బోటుకి ఈ తంతు లేదు. సముద్రపు నీరు లోపలికొచ్చే కుళాయి సీకాక్ మూసి, సముద్రపు నీటి పంపు పీల్చే వైపు గొట్టం విప్పి, 200 లీటర్ల డ్రమ్ములో ముంచి ఇంజిన్ ఆడించాలి. కొత్త ఆయిల్ తిరగడానికీ ఇదే పరుగు సరిపోతుంది. డ్రమ్ము అడుగంటేలోపే ఆపేయాలి, పొడిగా తిరిగితే పంపులోని రెక్కల చక్రం ఇంపెల్లర్ రబ్బరు మాడిపోతుంది. బ్లాక్‌లోకే సముద్రపు నీరు వెళ్లే పాత రకమైతే వేడెక్కాకే నీటికి దారి ఇచ్చే వాల్వు థర్మోస్టాట్ తెరుచుకునేంత వేడి ఉండాలి, లేకపోతే బ్లాక్‌లో ఉప్పు అలాగే ఉంటుంది.

డ్రమ్ము ఎందుకు, మోటారు పైపు నేరుగా బిగిస్తే పోలేదా అని అడుగుతారు. ఎగ్జాస్ట్‌లో నీళ్లు కలిసే బోట్లలో అదే పెద్ద ప్రమాదం. ఇంజిన్ ఆగి ఉండగా ఒత్తిడితో నీళ్లు వస్తే బయటికి తోసే పొగ ఉండదు. పొగగొట్టంలోని మఫ్లర్ నిండి, సిలిండర్ల పక్కనుండే మానిఫోల్డ్ దాకా ఎక్కి, తెరిచి ఉన్న వాల్వులోంచి సిలిండర్లోకి దిగుతుంది. నీరు నలగదు కాబట్టి తర్వాత సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

కడగడం అయ్యాక ఇంపెల్లర్ బయటికి తీయండి. లోపలే ఉంచితే రెక్కలు వంగినచోటే వంగి గట్టిపడతాయి. రెక్క తెగిపోయి ఉంటే ఆ ముక్కని, సముద్రపు నీటితో కూలెంట్‌ని చల్లార్చే హీట్ ఎక్స్‌చేంజర్ మూతి దగ్గర వెతికి తీయాల్సిందే. వదిలేస్తే నీళ్లకి అది అడ్డం పడుతుంది. మిగతా లోహం బదులు తాను తుప్పుపట్టి కరిగే జింక్ ముక్క సగం కరిగి ఉంటే మార్చేయడమే. తీసిన ఇంపెల్లర్‌ని స్టార్ట్ తాళానికి కట్టి వేలాడదీస్తే ఎవరూ మరిచిపోయి స్టార్ట్ చేయరు.

కూలెంట్ మన ఊళ్లో దేనికని కొందరు బోరు నీళ్లు పోస్తారు. ఆ నీటికి లోపల సున్నం పేరుకుంటుంది. కూలెంట్ మనకి గడ్డకట్టకుండా కాదు, తుప్పు పట్టకుండా. డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలపండి.

ఎగ్జాస్ట్ మూతికి, గాలి లోపలికెళ్లే చోటికి ఆయిల్ గుడ్డ కుక్కి, బయట కనపడేలా ఎర్ర రిబ్బను కట్టాలి. బ్యాటరీ నెగటివ్ ముందు విప్పాలి. ఛార్జ్ నిండితే 12.6 వోల్టుల పైన చూపిస్తుంది, 12.4కి దిగితే మళ్లీ ఛార్జ్ పెట్టాలి. ఎండాకాలంలో ఛార్జ్ తనంతట తానే త్వరగా దిగిపోతుంది, కాబట్టి రెండు వారాలకోసారి మీటరు పెట్టండి. అదే రోజు డీజిల్ ఆపే స్టాప్ లివర్ లాగి ఉంచి, క్రాంక్ పుల్లీ బోల్టుకి పొడుగు స్పానర్ వేసి ఇంజిన్ తిరిగే వైపుకే రెండు చుట్లు, ఇంకో పావు చుట్టు తిప్పాలి. ఆ పావు చుట్టు వల్ల రింగులు ఆగేచోటు మారుతుంది, ఒకేచోట తుప్పు గీత పడదు.

జూన్‌లో తిరిగి లేపేటప్పుడు ముందు గుడ్డలు తీసి, ఇంపెల్లర్ బిగించి, సీకాక్ తెరవాలి. స్టాప్ లాగి ఉంచే పది సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు సెల్ఫ్ కొడితే ఆయిల్ బేరింగులకి చేరుతుంది. స్టార్ట్ అయిన అర నిమిషంలో ఎగ్జాస్ట్‌లోంచి నీళ్లు పడకపోతే వెంటనే ఆపేయాలి. ముందు చూడాల్సింది సీకాక్.