జేపీఎన్ రోడ్డులో ఆ జేపీఎన్ ఎవరు?

నిన్న వరంగల్ చౌరస్తా దగ్గర మా మేనకోడలు అడిగింది, "మామా, జేపీఎన్ అంటే ఏంది?" అని. రోడ్డంతా పెళ్లి షాపింగ్ జనం. ఒళ్లో చీరల కవర్లు పెట్టుకుని ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాం, ఆటో కదలట్లేదు. సరే, అక్కడే చెప్పడం మొదలుపెట్టాను.

జయప్రకాశ్ నారాయణ్. మన లోక్‌సత్తా ఆయన కాదు, బీహార్‌కు చెందిన స్వాతంత్య్ర సమరయోధుడు. 1942లో దీపావళి రాత్రి, జైలంతా పండగ సందడిలో ఉండగా, ధోవతులు ముడేసి తాడులా చేసుకుని హజారీబాగ్ జైలు గోడ దాటారు. ఇది విన్నాక పిల్ల ఫోన్ పక్కన పెట్టేసింది! 1974లో పాట్నాలో సంపూర్ణ విప్లవం, అంటే వ్యవస్థ మొత్తం మారాలి అన్నారు. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెడితే, తెల్లారకముందే ఆయన్ని అరెస్టు చేశారు. అప్పటికి వయసు 72. 1979లో పోయారు. భారతరత్న 1999లో గానీ రాలేదు.

షాపుల బోర్డుల మీద మాత్రం మూడు పొడి అక్షరాలే. మన వరంగల్ బట్టల మిల్లు ఆజంజాహీ మిల్లు నయం, 2002లో మూతపడ్డా నిజాం కొడుకు ఆజం జా పేరు ఇంకా పూర్తిగా పలుకుతున్నాం.

చౌరస్తాలో పూర్తి పేరుతో, నాలుగు వాక్యాల చరిత్రతో ఒక బోర్డు పెట్టమని కార్పొరేషన్‌కు అర్జీ రాస్తున్నాను. సంతకం పెట్టేవాళ్లు కామెంట్లో చెప్పండి.