ధ్రువాల చాప్టర్ నాకు ఐస్ ఫ్యాక్టరీలో అర్థమైంది

ఫ్రెండ్స్, బరంపురం నుంచి రాస్తున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సివిల్స్‌కి తీసుకున్న జాగ్రఫీ ఆప్షనల్ నోట్సేమో ఇంగ్లిష్‌లో, మా గంజాం జిల్లాలో చాలామందిది ఇదే పరిస్థితి. రెండుసార్లు మెయిన్స్ రాశాను, లిస్టులో పేరు రాలేదు, కాబట్టి దీన్ని టాపర్ సలహా అనుకోకండి. ధ్రువ సముద్రాల టాపిక్ నేను ఎంత తప్పుగా చదివానో, తర్వాత ఎలా దారికొచ్చిందో చెప్తాను, అంతే.

2017 జీఎస్-1లో (జనరల్ స్టడీస్ మొదటి పేపర్) క్రయోస్ఫియర్, అంటే భూమ్మీద గడ్డకట్టి ఉన్న నీరంతా, ప్రపంచ శీతోష్ణస్థితిని ఎలా ప్రభావితం చేస్తుందని అడిగారు కదా. ఒక టెస్ట్ సిరీస్‌లో అదే ప్రశ్న వస్తే పేజీ అంతా ఆల్బిడోతో, అంటే పడిన ఎండలో ఎంత వెనక్కి పోతుందన్న లెక్కతో, నింపేశాను. తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది, నల్లటి నీళ్లు పీల్చుకుంటాయి, మంచు తగ్గేకొద్దీ వేడి పెరుగుతుంది, వేడి పెరిగేకొద్దీ మంచు ఇంకా తగ్గుతుంది. తప్పేం లేదు, కొత్తగా మంచు కురిసిన సీ ఐస్ (సముద్రపు నీరే గడ్డకట్టిన మంచు) మీద పడిన ఎండలో 80 శాతం దాకా వెనక్కే పోతుంది, నీళ్ల మీద పడితే పది శాతం లోపే. కానీ దిద్దినాయన పక్కన ఎర్ర పెన్నుతో ఒక్క ముక్క రాశారు: "చలికాలంలో అక్కడ ఎండే ఉండదు. అప్పుడు మంచు ఏం చేస్తుంది?" రెండ్రోజులు ఒళ్లు మండింది. ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు.

జవాబు గోపాల్‌పూర్ వైపు దొరికింది. మా నాన్న చేపల పడవలకు ఐస్ పంపే ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పనిచేశారు, చిన్నప్పుడు క్యారేజీ ఇవ్వడానికి నేనే వెళ్లేవాణ్ణి. చెక్క మూత ఎత్తితే కింద పెద్ద తొట్టి, తొట్టి నిండా ఉప్పునీళ్లు, అందులో వరసగా ముంచిన రేకు డబ్బాలు, డబ్బాల్లో మంచినీళ్లు. డబ్బాలో నీళ్లు దిమ్మ కట్టేస్తాయి, చుట్టూ ఉన్న ఉప్పునీళ్లు అంతకన్నా చల్లగా ఉండి కూడా గడ్డకట్టవు. ఏంటిది అని అడిగితే "ఉప్పుంది కదరా, అదంత తేలిగ్గా కట్టదు" అనేవారు నాన్న. మామూలు సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గానీ గడ్డకట్టదన్న అంకె నేను బట్టీ పట్టకుండానే గుర్తుండిపోయింది.

ఇంకోటి చూడండి. బయటికి తీసిన దిమ్మ అంచులు అద్దంలా ఉంటాయి, నడిమధ్య మాత్రం పాలు పోసినట్టు తెల్లగా ఉంటుంది. గడ్డకట్టే నీరు తనలోని గాలిని, లవణాలను లోపలికి రానివ్వదు, తోసుకుంటూ పోతుంది, చివరికి అవన్నీ మధ్యలో ఇరుక్కుంటాయి. ధ్రువాల దగ్గర కూడా ఇదే పని జరుగుతుంది గానీ అక్కడ డబ్బా గోడల్లేవు, తోసేసిన ఉప్పు కిందికి దిగిపోతుంది. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటే, ఒక చలికాలంలో కట్టిన సీ ఐస్‌లో మిగిలేది ఐదారు గ్రాములే. (మా హుమ్మ ఉప్పుమడుల్లో ఎండ చేసే పని అక్కడ చలి చేస్తుందన్నమాట, నీటిని ఉప్పును విడదీయడం.) ఆ ఉప్పు పట్టిన నీరు బరువెక్కి మునుగుతుంది. అంటార్కిటికా పక్కన వెడెల్, రాస్ సముద్రాల్లో ఇలా తయారైన నీరే మహాసముద్రాల అడుగున మెల్లగా ఉత్తరానికి పాకుతుంది.

మరి గాలి సంగతి? ఊక కప్పిన దిమ్మ త్వరగా కరగదు కదా, సీ ఐస్ కూడా అలాంటి కప్పే, కాకపోతే లోపలి వేడిని బయటికి పోనివ్వదు. పైన గాలి మైనస్ 30 ఉన్నా కింద నీరు మైనస్ 1.8 దగ్గరే ఉంటుంది. అంటార్కిటికాలో ఎత్తైన మంచు పీఠభూమి మీద నుంచి కటబాటిక్ గాలులు కిందికి దూకి, తీరం దగ్గర అప్పుడే కట్టిన మంచును సముద్రంలోకి నెట్టేస్తాయి. తీరం పక్కన నీళ్లు బయటపడతాయి, దాన్నే పాలినియా అంటారు. ఆ నీటిలోంచి వేడి ఒక్కసారిగా గాలిలోకి పోతుంది, మళ్లీ మంచు కడుతుంది, గాలి మళ్లీ నెట్టేస్తుంది, చలికాలమంతా ఇదే తంతు, కట్టిన ప్రతిసారీ ఉప్పు కిందికి దిగుతూనే ఉంటుంది. ఇంగ్లిష్ పుస్తకాల్లో వీటిని ఐస్ ఫ్యాక్టరీలు అనే రాస్తారు. లైబ్రరీలో ఆ మాట చూసి గట్టిగా నవ్వేస్తే పక్కాయన విసుగ్గా చూశాడు.

నార్వే ధ్రువ అన్వేషకుడు నాన్సెన్‌ని వదలకండి. 1893-96 మధ్య ఫ్రామ్ ఓడ మంచులో ఇరుక్కుని కొట్టుకుపోతున్నప్పుడు, మంచు గాలి వీచిన దిక్కుకు సూటిగా పోకుండా 20 నుంచి 40 డిగ్రీలు కుడికి జరుగుతోందని ఆయన గమనించాడు. గాలి సముద్రపు నీటిని ఎలా కదిలిస్తుందో చెప్తూ స్వీడన్ శాస్త్రవేత్త ఎక్‌మన్ 1905లో ప్రచురించిన సిద్ధాంతానికి మూలం అదే. రెండు లైన్లు చాలు, క్లైమటాలజీకి ఓషనోగ్రఫీకి ముడి పడిపోతుంది.

2021లో ఆర్కిటిక్ మంచు, అంటార్కిటికా హిమానీనదాలు కరిగితే వేర్వేరుగా ఏమవుతుందని అడిగారు. అక్కడ నేను ఒకప్పుడు సిగ్గుపడే తప్పు రాశాను, సీ ఐస్ కరిగితే సముద్రమట్టం బాగా పెరుగుతుందని. గ్లాసులో తేలే ఐస్ ముక్క కరిగితే నీళ్లు పొంగుతాయా? నేల మీది హిమానీనదం సంగతి వేరు. ఆర్కిటిక్ చుట్టూ నేల ఉన్న సముద్రం, అంటార్కిటికా చుట్టూ సముద్రం ఉన్న నేల, అందుకే దక్షిణాన సీ ఐస్ ఫిబ్రవరిలో 30 లక్షల చదరపు కిలోమీటర్ల దగ్గర్నుంచి సెప్టెంబరుకల్లా కోటీ ఎనభై లక్షల దాకా పరుచుకుంటుంది, అడ్డొచ్చే నేల లేదు. ఉత్తరాన ఓబ్, యెనిసే, లీనా నదుల మంచినీరు పైన తేలుతూ, కింద వెచ్చటి అట్లాంటిక్ నీరు మంచును తాకకుండా అడ్డుకుంటుంది. 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది, ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి, మిగతావి అక్కర్లేదు.

ఇప్పుడు ఆల్బిడోకి నాలుగు లైన్లే ఇస్తున్నాను. మిగతా చోటులో ఒక బొమ్మ: ఎడమ నుంచి గాలి బాణం, పక్కకు జరిగిన మంచు, తెరుచుకున్న నీళ్ల నుంచి పైకి వేడి, కిందికి ఉప్పు చుక్కలు. గీయడానికి రెండు నిమిషాలు పడుతుంది. మొదటిసారి గీసినప్పుడు అలవాటుకొద్దీ డబ్బా గోడలు కూడా గీసేశాను.