ఆకుపచ్చ బెంచీల నుంచి ఆరిన కొలిమి దాకా

బ్రిటన్ పార్లమెంటు చూడాలనుకునేవాళ్లు ఆగస్టు ప్రయాణం పెట్టుకోవద్దు. జూలై చివర్లో సభకు సెలవులిస్తే మళ్లీ తెరిచేది సెప్టెంబరు మొదట్లోనే. తెరిచిన రెండు వారాలకే పార్టీ మహాసభల కోసం మూసేసి అక్టోబరు మధ్యలో తిరిగొస్తారు. ఆ రోజుల్లో వెళ్తే భవనం కనిపిస్తుంది కానీ సభ కనిపించదు. నేను వెళ్లింది సభ కోసమే. ఆర్థిక విధానం మీద వాదన ఎక్కడ జరుగుతుందో, దాని బిల్లు ఎవరి గడపకు చేరుతుందో ఒకే ప్రయాణంలో చూడాలని మూడు మజిలీలు పెట్టుకున్నాను: పార్లమెంటు ఉన్న వెస్ట్‌మినిస్టర్, అక్కడి కేంద్ర బ్యాంకైన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, వేల్స్‌లోని ఉక్కు పట్టణం పోర్ట్ టాల్బట్.

నాయకుల మీద అక్కడి జనానికి నమ్మకం ఎంత సన్నగిల్లిందో అంకెలే చెబుతాయి. ఏటా జరిగే బ్రిటిష్ సోషల్ యాటిట్యూడ్స్ సర్వే ఫలితాలు 2024 జూన్‌లో వచ్చినప్పుడు 45 శాతం మంది ఒకే మాట చెప్పారు: ఏ పార్టీ ప్రభుత్వమైనా సొంత పార్టీ ప్రయోజనం కన్నా దేశం మేలు ముందు పెడుతుందని దాదాపు ఎప్పుడూ నమ్మం అని. అప్పటిదాకా ఆ సర్వేలో అంత ఎక్కువ మంది ఆ మాట అనలేదు. మరుసటి నెల ఎన్నికల్లో ఓటేసింది 59.7 శాతమే. లేబర్ పార్టీకి వచ్చిన ఓట్లు 33.7 శాతం, సీట్లు మాత్రం 650లో 411. గెలిచిన ప్రభుత్వం వెనక కూడా ఓటేసిన ముగ్గురిలో ఒకరే ఉన్నారన్నమాట.

వెస్ట్‌మినిస్టర్ ట్యూబ్ స్టేషన్‌లో దిగి రోడ్డు దాటితే క్రామ్‌వెల్ గ్రీన్ ద్వారం. సందర్శకులంతా అక్కడి నుంచే వెళ్లాలి. విమానాశ్రయంలో చేసినట్టే సోదా చేస్తారు. పెద్ద పెట్టెలు లోపలికి రానివ్వరు, దాచుకునే చోటూ లేదు. హోటల్ ఖాళీ చేసిన రోజు సామానుతో నేరుగా వస్తే వెనక్కి తిరగాల్సిందే. గ్యాలరీకి టికెట్ డబ్బులేమీ లేవు. బుధవారం మధ్యాహ్నం 12 గంటలకు ప్రధానమంత్రి ప్రశ్నల సమయం ఉంటుంది, రద్దీ అంతా దానికే. బ్రిటన్‌లో ఉంటున్నవాళ్లు తమ నియోజకవర్గ ఎంపీని అడిగి ముందే టికెట్ తెప్పించుకోవచ్చు. టికెట్ ఉన్నవాళ్లు వెళ్లాక చోటు మిగిలితేనే మనలాంటి బయటివాళ్లకు. అందుకని మధ్యాహ్నం భోజనం చేసి వెళ్లడం మంచిది. అప్పుడు క్యూ తక్కువ, పైగా అసలు చర్చలు జరిగేది అప్పుడే.

వెస్ట్‌మినిస్టర్ హాలు, సెయింట్ స్టీఫెన్స్ హాలు, సెంట్రల్ లాబీ దాటి మెట్లెక్కితే గ్యాలరీ. ఫోన్ కట్టేయాలి. మనకూ సభకూ మధ్య మందపాటి గాజు తెర ఉంటుంది. టీవీలో చూసినంత పెద్దది కాదు సభ. 650 మంది సభ్యులకు కూర్చునే చోటు 427 మందికే. ప్రధాని ప్రశ్నల వేళ మెట్ల మీద, స్పీకర్ కుర్చీ పక్కన కూడా నిలబడతారు. ఆ అరగంట కాగానే సభ ఖాళీ అయిపోతుంది. పన్నుల బిల్లు మీద క్లాజు క్లాజుగా చర్చ జరుగుతుంటే ఆ ఆకుపచ్చ తోలు బెంచీల మీద పాతికమంది కూడా కనబడరు. జనం వార్తల్లో చూసేది అరుపుల అరగంటను. పన్ను తేల్చే చర్చ ఎవరి కంటా పడదు.

ఖాళీ బెంచీలు చూసి వీళ్లు పని చేయరనుకుంటే అది సగం నిజమే. పని కమిటీల్లో జరుగుతుంది. నా మటుకు నేను ఒక్క పూటే ఉన్నవాళ్లకు సభ కన్నా, ఆర్థికశాఖ పనిని నిలదీసే ట్రెజరీ కమిటీ విచారణనే సిఫారసు చేస్తాను. వీధి అవతల పోర్ట్‌కలిస్ హౌస్‌లో సాధారణంగా జరుగుతుంది. ఏ గదిలో, ఎన్నింటికి అన్నది పార్లమెంటు వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. సాక్షుల వెనక వరసల్లో మనం కూర్చోవచ్చు. గుర్రపునాడా ఆకారపు బల్ల చుట్టూ అన్ని పార్టీల ఎంపీలు, ఎదురుగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నరో ఆర్థికమంత్రో. అక్కడ అరుపులు ఉండవు. "ఈ అంకె ఎక్కడిది?" అని అడిగితే జవాబు చెప్పకుండా తప్పించుకోవడం కష్టం.

లండన్‌లో చదువుతున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. భారతదేశం కామన్వెల్త్ దేశం కాబట్టి, చట్టబద్ధంగా అక్కడ నివసించే భారత పౌరులకు బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల్లో నమోదు అయిపోతుంది. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఉంటే దగ్గర పెట్టుకోవాలి. పోలింగుకు 12 పనిదినాల ముందే గడువు ముగుస్తుంది. ఇప్పుడు బూత్‌లో ఫొటో గుర్తింపు అడుగుతారు, భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. వీసా మీద ఉన్నవాళ్లలో చాలామంది వైద్య సర్‌చార్జి కింద ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున, విద్యార్థులైతే 776 పౌండ్ల చొప్పున కడుతున్నారు. 2024 ఫిబ్రవరిలో పెంచిన రేటు అది. అంత కట్టేవాళ్లు ఓటు వదులుకోకూడదు.

రెండో మజిలీకి డిస్ట్రిక్ట్ లేదా సర్కిల్ లైన్ ఎక్కి మాన్యుమెంట్‌లో దిగితే బ్యాంక్ స్టేషన్‌కు లోపలి నుంచే దారి. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మ్యూజియం బార్తోలోమ్యూ లేన్‌లో ఉంది, ప్రవేశం ఉచితం. శనాదివారాలు సాధారణంగా మూసే ఉంటుంది, వారాంతపు ప్రయాణాలు పెట్టుకునేవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. అందరూ ఆగేది బంగారు కడ్డీ దగ్గర. గాజు పెట్టెకు ఉన్న రంధ్రంలో చేయి పెట్టి ఎత్తి చూడాలి. చూడ్డానికి ఇటుకంత, బరువు 13 కిలోలు. మణికట్టు ఒంగిపోతుంది. నేలమాళిగల్లో అలాంటివి నాలుగు లక్షల దాకా ఉన్నాయి.

అయితే 2022 సెప్టెంబరులో ఈ బ్యాంకుకు అక్కరకొచ్చింది బంగారం కాదు. 23వ తేదీన ఆర్థికమంత్రి క్వాసీ క్వార్టెంగ్ దాదాపు 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు. పన్ను తగ్గిస్తే వృద్ధి వస్తుందన్నది పాత వాదనే, దాన్ని తప్పని కొట్టిపారేయను. కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు. 2010 నుంచి బడ్జెట్ లెక్కలు సరిచూసే ఓబీఆర్ అనే స్వతంత్ర సంస్థ ఉంది, దాని అంచనా లేకుండానే ప్రకటన చేసేశారు. ప్రభుత్వ బాండ్లు, అక్కడి మాటలో గిల్టులు, కొన్నవాళ్లు బెదిరిపోయారు. 26న పౌండు 1.03 డాలర్ల దగ్గరకు పడింది.

తర్వాత జరిగిందే అసలు ప్రమాదం. పెన్షన్ ఫండ్లు ఎల్‌డీఐ అనే పద్ధతిలో గిల్టులు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుని ఉన్నాయి. గిల్టు మీద రాబడి రేటు పెరిగితే దాని ధర పడుతుంది. ధర పడగానే అప్పిచ్చినవాళ్లు అదనపు తాకట్టు అడిగారు. దానికి డబ్బు కోసం ఫండ్లు అవే గిల్టులు అమ్మాయి. అమ్మేకొద్దీ ధర ఇంకా పడింది, మళ్లీ తాకట్టు అడిగారు. 28న 30 ఏళ్ల గిల్టు రాబడి 5 శాతం తాకింది. ఆ రోజే బ్యాంకు రంగంలోకి దిగి 6,500 కోట్ల పౌండ్ల వరకు గిల్టులు కొంటానంది. అక్టోబరు 14 నాటికి నిజంగా కొన్నది 1,930 కోట్లే. కొనేవాడు ఒకడు నిలబడ్డాడని తెలిశాక అమ్మేవాళ్ల భయం తగ్గింది. అదే 14న క్వార్టెంగ్ పదవి పోయింది. 20న ప్రధాని లిజ్ ట్రస్ రాజీనామా ప్రకటించారు, పదవిలోకి వచ్చిన 45వ రోజున.

ఇది సామాన్యుడి ఇంటికి ఎలా చేరిందో చూడాలి. బ్రిటన్‌లో ఇంటి అప్పు వడ్డీ ఎక్కువగా రెండేళ్లకో ఐదేళ్లకో స్థిరంగా ఉంటుంది, గడువు తీరగానే కొత్త రేటు. ఆ అక్టోబరులో రెండేళ్ల సగటు రేటు 6 శాతం దాటింది. 2 లక్షల పౌండ్ల అప్పు, 25 ఏళ్ల గడువు అనుకుంటే 2 శాతం వడ్డీకి నెల వాయిదా 848 పౌండ్లు, 6 శాతానికి 1,289. నెలకు 441 పౌండ్లు తేడా. మొత్తం పాపం ట్రస్‌దే అనడం కూడా సరికాదు. ద్రవ్యోల్బణం వల్ల బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు ఆ పన్ను కోతల ప్రకటనకు ముందు రోజుకే 2.25 శాతానికి చేరింది. ఎల్‌డీఐలో ఉన్న బలహీనతను బ్యాంకు ముందే పట్టుకోవాల్సిందన్న ట్రస్ మద్దతుదారుల వాదనలోనూ నిజం ఉంది. కానీ వాయిదా పెరిగిన ఇంటికి ఇందులో ఎవరి వాటా ఎంతో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. 2016లో బ్రెగ్జిట్ ప్రచారపు ఎర్ర బస్సు మీద, ఐరోపా సమాఖ్యకు పంపుతున్నామని రాసిన వారానికి 35 కోట్ల పౌండ్ల దగ్గర నుంచి ఇదే వరస. బ్రిటన్‌కు సమాఖ్య ఇచ్చే రాయితీ తీసేయకుండా రాసిన అంకె అది. కాకి లెక్కలు చెప్పి ఓట్లు అడిగితే, తర్వాత నిజమైన లెక్క చెప్పినా జనం నమ్మరు. కోపానికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

మూడో మజిలీకి పాడింగ్టన్‌లో స్వాన్సీ రైలెక్కాలి. రెండుగంటల 40 నిమిషాలకు అటూ ఇటూగా పోర్ట్ టాల్బట్ పార్క్‌వే. అడ్వాన్స్ టికెట్ వారాల ముందే తీసుకోవాలి, ఉదయం రద్దీలో అప్పటికప్పుడు కొంటే జేబు ఖాళీ. అడ్వాన్స్ టికెట్ మీద రాసిన రైలు తప్పిపోతే అది చెల్లదు. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. సెవెర్న్ సొరంగం, కార్డిఫ్, బ్రిడ్జెండ్ దాటాక ఉక్కు కర్మాగారం అటువైపే మొదలవుతుంది. రైలు చాలాసేపు దాని పక్కనే పోతుంది.

2007 నుంచి ఇది టాటాలది. 2024లో ఇక్కడి రెండు బ్లాస్ట్ ఫర్నేసులూ, అంటే ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలిములు, ఆర్పేశారు. అయిదో నంబరు జూలైలో, నాలుగో నంబరు సెప్టెంబరు 30న. బ్రిటన్‌లో మొత్తం 2,800 వరకు ఉద్యోగాలు పోతాయని కంపెనీ ప్రకటించింది, అందులో ఎక్కువ ఇక్కడివే. బదులుగా 125 కోట్ల పౌండ్లతో విద్యుత్ కొలిమి కడుతున్నారు, 50 కోట్లు ప్రభుత్వం ఇస్తోంది. అది తుక్కు కరిగించే కొలిమి, ఇనుప ఖనిజం నుంచి ఉక్కు తీయదు. కాలుష్యం బాగా తగ్గుతుంది, పనివాళ్లూ తగ్గుతారు. రోజుకు పది లక్షల పౌండ్ల నష్టం వస్తోందని కంపెనీ అంది. పరిశ్రమలకు కరెంటు ధర ఫ్రాన్స్, జర్మనీల కన్నా ఇక్కడే ఎక్కువన్నది చాలా ఏళ్ల ఫిర్యాదు. విద్యుత్ కొలిమికి ఆ ధరే ప్రాణం.

స్టేషన్ నుంచి అరగంటకు పైగా నడిస్తే అబెరావన్ సముద్రతీరం. పొడవైన ఇసుక తీరం, దాని చివర కొలిమి బురుజులు. మన విశాఖ తీరమే గుర్తొస్తుంది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని పోరాడి తెచ్చుకున్న ప్లాంటులో కొలిములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం. ఇక్కడివాటికి నంబర్లే. ఇంగ్లండ్‌లోని స్కన్‌థార్ప్‌లో మాత్రం రాణుల పేర్లున్నాయి: యాన్, బెస్. ఈ ఊరి మనసులో ముల్లు అక్కడే గుచ్చుకుంది.

బ్లాస్ట్ ఫర్నేసును స్విచ్ తీసినట్టు ఆపి మళ్లీ వెలిగించడం కుదరదు. చల్లారితే అడుగున ఇనుము గడ్డకడుతుంది, లోపలి ఇటుక పొర పగులుతుంది. బాగుచేయడానికి నెలలూ కోట్లూ కావాలి. స్కన్‌థార్ప్ కొలిములకు బొగ్గు అందకుండా పోయే పరిస్థితి వచ్చినప్పుడు 2025 ఏప్రిల్ 12న, శనివారం పూట, సెలవుల్లో ఉన్న పార్లమెంటును పిలిపించి, వాటిని ఆరనివ్వకుండా ఒక్క రోజులో చట్టం చేశారు. ఇక్కడి నాలుగో నంబరు ఆరి అప్పటికి ఏడు నెలలు కూడా కాలేదు. అక్కడ చేసింది ఇక్కడెందుకు చేయలేదని వేల్స్ పార్టీ ప్లైడ్ కమ్రి అదే రోజు సభలో అడిగింది. ఈ ఊరి ఒప్పందం పాత ప్రభుత్వం కాలంలోనే కుదిరిందనీ, స్కన్‌థార్ప్‌వి దేశంలో మిగిలిన చివరి రెండు కొలిములనీ జవాబు ఉంది. ఆ జవాబు కాగితం మీద నిలబడుతుంది. ఉద్యోగం పోయిన ఇంట్లో దానికి చోటు లేదు.

తీరం నుంచి చూస్తే బురుజులు యథాతథంగానే ఉన్నాయి. రోలింగ్ మిల్లులు ఇప్పటికీ నడుస్తున్నాయి, బయటి నుంచి తెచ్చిన ఉక్కు పలకలతో.