ఆరు కార్డుల్లో అవ్వ కథ: బొమ్మలతో కథ చెప్పడం నేర్పిన అనుభవం

ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో రెండో ఏడాది పిల్లలకు బొమ్మలతో కథ చెప్పడం నేర్పేటప్పుడు మొదటి నెల స్టోరీబోర్డు (కథను వరస బొమ్మలుగా గీసుకునే) సాఫ్ట్‌వేర్ తెరవనివ్వను. 6 అంగుళాలకు 4 అంగుళాల మందపాటి తెల్లకార్డులు ఆరు, లావుపాటి నల్ల మార్కర్ ఒకటి ఇస్తాను. పెన్సిలూ రబ్బరూ చేతిలో ఉంటే ఒక్క ముక్కు దగ్గరే అరగంట పోతుంది. మార్కర్‌తో ముక్కు కుదరదు గానీ మనిషి ఎటు వంగాడో తెలుస్తుంది. కావాల్సింది అదే.

అందరికీ ఒకటే వాక్యం: "అవ్వ కొంగుముడి విప్పి మందుల షాపులో డబ్బులిచ్చింది." టైము 15 నిమిషాలు.

బ్యాచ్ ఎంత చురుకైనదైనా మొదటి విడత ఒకేలా వస్తుంది. అవ్వ నడిచొస్తుంది, షాపు ముందు నిలబడుతుంది, చీటీ ఇస్తుంది... ఆరింట్లోనూ మనుషులు తల నుంచి కాళ్ల దాకా, ఒకే దూరంలో. కార్డుల్ని వరసగా గోడకు గుచ్చి, గీసినవాళ్లను నోరు విప్పొద్దంటాను. పక్క విద్యార్థి వాటిని చూసి కథ చెప్పాలి. ఆ మాటలు ఉన్నవున్నట్టు బోర్డు మీద రాస్తాను. తర్వాత ఒక్కో కార్డూ తీసి చూస్తాం. తీసినా కథ తెగలేదంటే అది అక్కర్లేదు. నడిచొచ్చే కార్డూ నిలబడే కార్డూ దాదాపు ఎప్పుడూ అలాగే పోతాయి.

ఖాళీ అయిన ఆ రెండింటినీ ముడి విప్పే క్షణానికే ఇమ్మంటాను. ఒకదాంట్లో కార్డు నిండా వేళ్లు, బిగుసుకుపోయిన ముడి. ఇంకోదాంట్లో కౌంటర్ మీద మందుల కవరు, దాన్ని ఇంకా వదలని షాపతని చెయ్యి. మొహం గీయకుండానే అవ్వ ఇబ్బంది తెలిసిపోతుంది.

తర్వాత దిశ. ఎడమన అవ్వ, కుడిన షాపతను. మధ్యలో ఒక కార్డులో ఇద్దరూ తారుమారైతే ఎవరు ఎవరికిస్తున్నారో చూసేవాళ్లకు అర్థం కాదు. మాటల్తో చెబితే ఇది ఎక్కదు. ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఆ కుర్చీల మధ్య తాడు కట్టి, తాడుకు ఒకవైపే ఉంటూ ఫోన్‌తో ఫొటోలు తీయమంటాను. ఆఖరిది మాత్రం తాడు దాటి తీయాలి. పక్కపక్కన పెట్టగానే తేడా వాళ్లే పట్టేస్తారు.

ఇవన్నీ అయ్యాకే తెలంగాణలోని చేర్యాల నకాషీ పటం (కథ చెప్పడానికి గుడ్డ మీద గీసే పొడవాటి బొమ్మల చుట్ట) ప్రింటు వేలాడదీస్తాను. అసలు పటాలు 3 అడుగుల వెడల్పు, 30 అడుగులు దాటే పొడవు. ఎర్రటి నేపథ్యం మీద అడ్డవరసలుగా ఘట్టాలు. పద్మశాలీల ముందు దాన్ని విప్పి మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివాళ్లనే కథకులు. బొమ్మ సగమే చెప్పినా మిగతాది కథకుడి నోట వస్తుంది. మొదట్లో పటాన్నే ముందు చూపించేవాణ్ని. పిల్లలు వరసలు గీసి, పక్కన నిలబడి కథంతా తామే చెప్పేసేవారు. అందుకే క్రమం తిరగేశాను. ఇప్పుడు పటం చూశాక ఏడో కార్డు ఇస్తాను: కథకుడు నోటితో చెప్పే ఒక్క మాటను బొమ్మగా మార్చాలి. ఆ ఒక్క కార్డుకే పూట పడుతుంది.