పిస్తానా, మీగడా?

సత్యనారాయణపురంలో అమ్మావాళ్ళింటి ఉత్తరం గదికి రంగు తేల్చాలి. అమ్మకి లేత పిస్తా కావాలి, నాకు మీగడ రంగు. పెయింటరేమో "ఏదేసినా బానే ఉంటదండీ, చెప్తే డబ్బా తెచ్చేస్తా" అంటాడు. ఆయనకేం!

షేడ్ కార్డు ముందేసుకుని వాదించుకుంటే తెమిలే సంగతి కాదిది. అంగుళం ముక్కలో అన్ని రంగులూ ముద్దుగానే ఉంటాయి. 200 మిల్లీలీటర్ల శాంపిల్ డబ్బాలు తెప్పించి, చెరో తెల్ల చార్టు మీదా రెండేసి కోటింగులు వేయించాను, చుట్టూ జానెడు తెలుపు వదలమని. గోడ మీదే పూస్తానన్నాడు గానీ వద్దన్నాను. పాత గోడ నీలం. దాన్ని ఆనుకుని ఏ లేత రంగు ఉన్నా, ఉన్నదానికన్నా పసుపుగా కనిపిస్తుంది.

పొద్దున పూట పిస్తాదే పైచేయి. ఉత్తరపు వెలుతురు ఎండది కాదు, ఆకాశానిది. కాస్త నీలంగా ఉంటుంది. అందులో పిస్తా కళ్ళకి హాయిగా ఉంది, మీగడ పాలిపోయింది. అమ్మ నా వంక చూసింది. నేను చూడనట్టే ఊరుకున్నాను.

మధ్యాహ్నానికి కథ మారింది. మా కిటికీకి ఎదురుగా, సందు అవతల, ఇటుకరంగు వేసిన అపార్ట్‌మెంట్ ఉంది. దాని గోడ మీద ఎండ పడి, ఆ ఎరుపంతా మా గదిలోకి తిరిగొస్తుంది. ఏ షేడ్ కార్డూ చెప్పని మూడో రంగు ఇది. ఎర్రటి వెలుతురులో పచ్చదనం చచ్చిపోతుంది కదా, పిస్తా కాస్తా మురికి బూడిదలోకి దిగిపోయింది. మీగడకి మాత్రం లేత గులాబీ ఛాయ వచ్చి, గది నిండుగా కనిపించింది. అమ్మ భోంచేసి నడుం వాల్చేది ఆ వేళకే, ఆ గదిలోనే.

రాత్రి రెండూ ఓడాయి. 6500 కెల్విన్ ట్యూబ్‌లైటు మరి! ఈ కెల్విన్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు నీలంగా, తగ్గేకొద్దీ పసుపుగా ఉంటుంది. పిస్తా నర్సింగ్ హోమ్‌లా తయారైంది, మీగడ వట్టి తెలుపైపోయింది. 3000 కెల్విన్ బల్బు పెడితే మీగడ మరీ పసుపెక్కింది. 4000 దగ్గర కుదిరింది.

"పోనీ కిటికీ ఉన్న గోడకి పిస్తా వేయిద్దామా? ఆ ఎరుపు దానికి నేరుగా తగలదు" అన్నాను.

"ఒక్క గదికి రెండు రంగులేంటే, ఫంక్షన్ హాలా?" అంది.

చివరికి మీగడే. అదీ చార్టు మీదున్నదానికన్నా ఒక షేడ్ లేతగా. నాలుగు గోడలూ ఒకదాని రంగు ఒకదాని మీద పడి ఎలాగూ చిక్కబడుతుంది. పిస్తాని వంటింటికి ఖాయం చేసేసింది అమ్మ. అక్కడా చార్టు అంటించి చూద్దామంటే ససేమిరా అంటోంది.